కల్డెరాష్ అంటే కంచరి అని రాయొచ్చా? ఒక రోమానీ వృత్తి నామం సంగతి

మీ ప్రశ్న ఇదీ: ఐరోపాలో బయటివాళ్ళు జిప్సీలని పిలిచే రోమా జనం గురించిన ఒక రచనను తెలుగు చేస్తున్నారు. అందులో "కల్డెరాష్" అన్న మాట ఒకచోట రాగి పనివాడన్నట్టు, ఒకచోట కులం పేరులా, మరోచోట భాష పేరులా వస్తోంది. అంతటా "కంచరి" అని పెట్టేయొచ్చా, లేకపోతే "జిప్సీ" అని పోనిచ్చేయాలా?

రెండూ వద్దండి. పని గురించి మాట్లాడే చోట తెలుగులో పని పేరే పెట్టండి: రాగి పనివాడు, కాగులు చేసేవాడు, కళాయి పూసేవాడు, ఏది సరిపోతే అది. జనం గురించి మాట్లాడే చోట కల్డెరాష్ అని అలాగే ఉంచండి. భాష సంగతైతే "కల్డెరాష్ రోమానీ"; రోమానీ అంటే రోమా జనం మాట్లాడే భాష. ఏ వాక్యంలో ఏది అని తేల్చుకోవడంలోనే చిక్కంతా ఉంది. ఆ చిక్కు తీరాలంటే ఈ మాట ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి ఎలా వెళ్ళిందో కాస్త చూడాలి.

ముందుగా, ఇది పుట్టుకతో రోమానీ మాట కాదు. రుమేనియన్‌లో "కల్దారె" అంటే నీళ్ళు కాచే కాగు, రాగి బాన. అది లాటిన్ నుంచి వచ్చింది, వేడికి సంబంధించిన మాట. ఆ కాగులు చేసేవాడు "కల్దరార్". అదే రోమానీలోకి వచ్చి కొన్నిచోట్ల కెల్దెరారి, కొన్నిచోట్ల కల్డెరాష్ అయింది. రోమానీలో కాగుకు వేరే మాట ఉంది, "కకావి". అది గ్రీకు నుంచి తెచ్చుకున్నది. ఇంట్లో కాగును ఒక పేరుతో పిలుచుకుంటూ, దాన్ని చేసే తమను మాత్రం కొనేవాడి భాషలో పిలుచుకున్నారన్నమాట. పేరు బయటివాళ్ళు పెట్టిందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఈ పనికి సంబంధించిన మిగతా మాటలు కూడా చూడండి, మీ అనువాదంలో ఎక్కడో తగులుతాయి. ఇనుము "సస్త్రి", మన శస్త్రం నుంచి. వెండి "రుప్", రూప్యం నుంచి. బొగ్గు "అంగర్", అంగారమే. ఉప్పు "లోన్", లవణమే. రాగికి మాత్రం గ్రీకు నుంచి వచ్చిన "ఖర్కోమ", తగరానికీ సీసానికీ ఆర్మీనియన్ నుంచి వచ్చిన "అర్చిచి". కల్డెరాష్ యాసలో సుత్తి "చోకానో", రుమేనియన్‌ది. భారతదేశం నుంచి పర్షియా, ఆర్మీనియా, బైజాంటియం మీదుగా బాల్కన్లకు నడిచిన దారి ఒక్క కొలిమి చుట్టూ ఉన్న మాటల్లోనే కనబడుతుంది. రాగి పనిలో చాలా భాగం గ్రీకు నేలమీద నేర్చుకున్నారని చెప్పేవాళ్ళకు ఇదొక ఆధారం. "రోమా వాళ్ళు మన దేశం నుంచి కంచరులుగా వెళ్ళారు" అని ఎక్కడైనా కనిపిస్తే కాస్త ఆగి చూడమనేది ఇందుకే.

ఇక చరిత్ర. వల్లాకియా, మోల్డావియా (ఇవాళ్టి రుమేనియాలో ఎక్కువ భాగం, మోల్డోవా) రాజ్యాల్లో రోమా జనం దాదాపు 500 ఏళ్ళు బానిసలు. 1385లో వల్లాకియా పాలకుడు మొదటి దాన్, తిస్మానా మఠానికి 40 కుటుంబాలను ధారపోసినట్టున్న పత్రం మనకు దొరికే తొలి ఆధారాల్లో ఒకటి. బానిసలు మూడు రకాలు: రాజుగారి వాళ్ళు, మఠాల వాళ్ళు, బోయర్లనే జమీందార్ల వాళ్ళు. రాజుగారి బానిసలను మళ్ళీ పనినిబట్టి విడదీసేవారు. నదుల్లో బంగారం జల్లెడపట్టే అవురారి లేక రుదారి, ఎలుగుబంట్లను ఆడించే ఉర్సారి, చెక్క గరిటెలు చెక్కే లింగురారి, ఊరూరా తిరుగుతూ కమ్మరం, రాగి పని చేసుకునే లాయేష్. కల్డెరాష్ వాళ్ళ పూర్వీకులు ఎక్కువగా ఈ చివరి వర్గం కింద లెక్క. పనినిబట్టి పన్ను ఉండేది. బంగారం ఏరేవాళ్ళు బంగారమే కట్టాలి. కాబట్టి ఈ పేర్లు మొదట్లో చిట్టాలో పద్దులు. గౌరవం, అగౌరవం తరవాత వచ్చి చేరాయి.

విముక్తి ఒక్కసారిగా రాలేదు. వల్లాకియాలో రాజుగారి బానిసలకు 1843లో, మఠాల వాళ్ళకు 1847లో, జమీందార్ల వాళ్ళకు 1856లో. మోల్డావియాలో 1844లో కొందరికి, 1855 డిసెంబరులో మిగతావాళ్ళకు. మీ రచనలో ఏదైనా సంఘటన 1850లకు ముందు రుమేనియా నేలమీద జరుగుతుంటే, అక్కడ "రాగి పనివాడు" అన్న మాట వెనక బానిస చిట్టా ఉందని గుర్తుపెట్టుకుని రాయండి. "వృత్తి కళాకారుడు" అని పెడితే వినడానికి బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది.

ఆ తర్వాత కల్డెరాష్ గుంపులు పడమటికీ, ఉత్తరానికీ, రష్యాకూ, సముద్రాలు దాటి అమెరికాకూ వెళ్ళాయి. మాట మారింది ఇక్కడే. సొంత నేలమీద ఇది పది పనుల్లో ఒక పని. ఫ్రాన్సులోనో ఇంగ్లండులోనో దిగాక, అక్కడ అప్పటికే ఉన్న మనూష్, సింతి, రొమానిచల్ వంటి రోమా గుంపుల నుంచి తమను వేరుగా చెప్పుకునే గుర్తు అయింది. 1911 నుంచి 1913 దాకా ఇంగ్లండులో తిరిగిన గుంపులను లివర్‌పూల్ కేంద్రంగా ఉన్న జిప్సీ లోర్ సొసైటీ పండితులు "రాగి పని జిప్సీలు" అనే రాసుకున్నారు. బయటివాళ్ళకు కనబడింది సుత్తి, కాగులు. లోపలివాళ్ళకు అది బంధుత్వం పేరు, పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి హద్దు.

ఈ లోపలి ఏర్పాటులో నాలుగు మాటలు అనువాదకులను తరచూ బోల్తా కొట్టిస్తాయి. "నత్సియా" అంటే దేశం, జాతి కాదు. కల్డెరాష్, లోవారి, చురారి లాంటి పెద్ద విభాగం. "విత్సా" అంటే ఒక మూలపురుషుడి పేరునో మరొక పేరునో చెప్పుకునే వంశం, మన ఇంటిపేరుకూ గోత్రానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. "కుంపానియా" కంపెనీ కాదు, ఒక ప్రాంతంలో కలిసి తిరిగే, కలిసి పనిచేసే కుటుంబాల జట్టు. "వొర్తాకో" పనిలో పొత్తుదారు. తుర్కీ "ఒర్తాక్" నుంచి వచ్చింది. పొత్తులో చేసిన పని డబ్బు చిన్నా పెద్దా తేడా లేకుండా సమానంగా పంచుకోవడం ఆనవాయితీ. అందుకని "వొర్తాకో"ని కూలీ అనో, శిష్యుడు అనో రాస్తే లెక్క తప్పుతుంది. "పొత్తుదారు" చక్కగా సరిపోతుంది.

పని వివరాలు మీ రచనలో ఉన్నాయన్నారు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను. తెలుగులో దీనికి మాటలు బోలెడున్నాయి. అవి వాడకుండా అంతా "వెల్డింగ్", "ప్లేటింగ్" అని రాయడం అన్యాయం.

హోటల్ వంటశాల నుంచో, బట్టలకు రంగులు అద్దే కార్ఖానా నుంచో రాగి కాగు గుడారాల దగ్గరికి వస్తుంది. అక్కడికే ఎందుకంటే కొలిమి గొయ్యి, తిత్తి, దాగలి అక్కడే ఉంటాయి. అంత పెద్ద పాత్రను వంటశాలలో కాల్చలేరు. మొదటి పని సొట్టలు తీయడం. రాగిని సుత్తితో కొట్టేకొద్దీ గట్టిపడి పెళుసవుతుంది. అందుకని మధ్యమధ్య మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి మెత్తబరచాలి. కాలిన రాగిని నీళ్ళలో ముంచినా ఉక్కులాగా గట్టిపడదు, మెత్తగానే ఉంటుంది; పైనున్న నల్లటి పొర కొంత రాలిపోతుంది కూడా. మీ మూలంలో "కాల్చి నీళ్ళలో ముంచాడు" అని ఉంటే "పదును పెట్టాడు" అని రాయకండి. పదును ఉక్కుకు. ఇక్కడ జరిగేది దానికి సరిగ్గా ఎదురు.

తర్వాత చిల్లులకు మాటు. బిందెకు మాటు వేయించడం అంటాం కదా, అదే. పెద్ద చిల్లయితే రాగి ముక్క కోసి, అంచులు పళ్ళలాగా కత్తిరించి ఒకదానిలో ఒకటి దూర్చి, వెలిగారం చల్లి, ఇత్తడి కరిగించి అతుకుతారు. దీనికి 900 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల వేడి కావాలి. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి చెయ్యి కాస్త అదుపు తప్పితే పాత్రే కారిపోతుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే మాటు ముందు, కళాయి తర్వాత. వరస తిరగబడితే పూసిన తగరం అంతా కాలిపోతుంది. కొన్ని అనువాదాల్లో లయ కోసం ఈ రెండిటినీ అటూ ఇటూ చేసేస్తుంటారు. పని తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

ఇక కళాయి. జిడ్డు పోయేలా పాత్రను కాల్చి, పలచని ఆమ్లంతో కడిగి, ఇసుకతో తోముతారు. రాగి గులాబీ రంగులో, ఒక్క మచ్చ లేకుండా కనబడాలి. మళ్ళీ నిప్పుమీద పెట్టి నవాసాగరం, అంటే అమ్మోనియం క్లోరైడ్, చల్లుతారు. తెల్లటి ఘాటు పొగ లేస్తుంది. ఆ పొగ దండగ కాదు, రాగిమీద మళ్ళీ పట్టబోయే మకిలిని అదే తినేస్తుంది. అప్పుడు తగరపు కడ్డీని రుద్దితే కరిగి పారుతుంది. వెంటనే దూదిని నవాసాగరంలో అద్ది గుండ్రంగా తుడుస్తూ పొరను సమంగా పరుస్తారు. పొర మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది, అంత పలచన. పూత పట్టని నల్ల మచ్చ ఉంటే అక్కడ జిడ్డు మిగిలిందని అర్థం. పూత పసుపు, నీలం తిరిగితే వేడి ఎక్కువైంది. ముద్దలు ముద్దలుగా ఉంటే వేడి చాలలేదు, లేదా తుడిచే చెయ్యి ఆలస్యమైంది.

మోసం జరిగేది సీసం దగ్గర. సీసం చవక. పైగా తగరం సుమారు 62 పాళ్ళు, సీసం 38 పాళ్ళు కలిస్తే 183 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పని కూడా సులువు. కానీ వంట పాత్రకు అది విషం. తెలిసినవాళ్ళు కడ్డీని వంచి చూస్తారు. స్వచ్ఛమైన తగరం వంగేటప్పుడు కిర్రుమంటుంది. సీసం ఎక్కువున్నది కిర్రుమనదు, కాగితం మీద గీస్తే బూడిదరంగు గీత పడుతుంది. మీ రచనలో ఎవరైనా కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచుతున్నట్టుంటే సంగతి ఇదే. అసలు కళాయి ఎందుకంటే, పులుపు తగిలితే రాగికి చిలుం పడుతుంది. చింతపండు వేసే వంటకు ఇత్తడి గిన్నె వాడే ఇంట్లో ఇది ఎవరికీ చెప్పక్కర్లేదు.

కళాయి దగ్గరే మనకు ఒక నిజమైన చుట్టరికం ఉంది. ఈ మాట అరబ్బీ నుంచి వచ్చింది. పర్షియన్, ఉర్దూల మీదుగా మన దగ్గరికి వస్తే, అటు తుర్కీలో "కలాయ్" అయింది. కళాయి పూసేవాడు "కలాయ్‌జీ". ఉస్మానియా తుర్కుల పాలనలో ఉన్న బల్గేరియాలో ఈ పని చేసిన రోమా గుంపు పేరు ఇప్పటికీ కలాయ్‌జీయే. వాళ్ళ యాస కూడా కల్డెరాష్ లాగే, రుమేనియన్ ప్రభావం బాగా ఉన్న వ్లాక్స్ రోమానీ శాఖకు చెందింది. అంటే ఒకే పని చేసిన దగ్గరి గుంపుల్లో ఒకదానికి రుమేనియన్ పేరు, ఒకదానికి తుర్కీ పేరు మిగిలాయి, ఎవరి రాజ్యంలో ఉంటే వాళ్ళ భాషలో. ఒక్క జాగ్రత్త: కోస్తా జిల్లాల్లో కళాయి అంటే మూకుడు కూడా కాబట్టి "కళాయి పని" అని కాకుండా "కళాయి పూత" అని రాయండి. కలాయ్‌జీల పేరు ఇప్పుడు బయటి పత్రికల్లో కనిపించేది తగరం గురించి కాదు. ఈస్టరుకు ముందు వచ్చే లెంట్ ఉపవాసాల మొదటి శనివారం, తోదొరొవ్‌దెన్ పండగనాడు, స్తారా జగోరా ప్రాంతంలో పెళ్ళీడు పిల్లలున్న కుటుంబాలు కలుసుకునే జాతర గురించి. పత్రికలు దానికి "పెళ్ళికూతుళ్ళ సంత" అని పేరు పెట్టి, వృత్తి నామాన్ని ఒక తమాషా శీర్షికగా మార్చేశాయి. మీరు దాన్ని "పెళ్ళి సంబంధాల జాతర" అంటే చాలు.

ఈ పని ఎందుకు పోయిందో పెద్దగా చెప్పక్కర్లేదు. ఎనామెల్, అల్యూమినియం, ఆ తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చాయి. మన వీధుల్లో కళాయి కేకలు ఎందుకు తగ్గిపోయాయో అక్కడా అందుకే. కొన్ని మూలల్లో మాత్రం మిగిలింది. రుమేనియాలో సిబియు జిల్లా బ్రతేయి గ్రామంలో ప్లమ్ పళ్ళ సారా కాచే రాగి బట్టీలు ఇప్పటికీ చేత్తో చేస్తారు. అమెరికా, కెనడాల్లో కొన్నాళ్ళు బేకరీల పిండి కలిపే పెద్ద గిన్నెలకు తగరం పూసేవారు. ఆ తర్వాత కార్ల సొట్టలు తీయడం, పాత ఇనుము వ్యాపారం.

పని పోతే పేరు కూడా పోవాలి కదా అనిపిస్తుంది. జరిగింది తిరగబడి. అందరూ రాగి పని చేస్తున్నన్నాళ్ళూ పేరు పని పేరే. చెయ్యడం మానేశాక, ఆ పేరు చెప్పుకోవడానికి పుట్టుక తప్ప ఇంకో ఆధారం లేకుండా పోయింది, దాంతో అది పుట్టుక పేరుగా గట్టిపడింది.

రష్యాలో వీళ్ళను "కోత్ల్యారీ" అంటారు, "కత్యోల్" అనే కాగు నుంచి. అంటే రుమేనియన్ మాటను రష్యన్లు అచ్చంగా అనువాదం చేసుకున్నారు, జనం కూడా ఆ అనువాదాన్నే సొంతం చేసుకున్నారు. 1930లలో వీళ్ళలో కొందరు సోవియట్ నగరాల్లో "ఆర్తేల్" అనే సహకార సంఘాలుగా పనిచేశారు. 1956 అక్టోబరులో తిరుగుడు జీవితాన్ని నిషేధిస్తూ సోవియట్ ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చాక గుడారాలు పోయి ఊళ్ళు వచ్చాయి. పేరు మాత్రం అలాగే ఉంది.

స్వీడన్ కథ ఇంకా విచిత్రం. 1914 నుంచి 1954 దాకా ఆ దేశం రోమా వాళ్ళను లోపలికి రానివ్వలేదు. లోపలున్న కొద్దిమంది కుటుంబాల్లోంచే యొహాన్ దిమిత్రి తైకోన్ (1879–1950) వచ్చాడు. రాగి పనివాడు, కథలు చెప్పడంలో దిట్ట. ఆయన నోటి నుంచి విని రాసుకున్న వ్యాకరణం 1963లో ఉప్సాలాలో అచ్చయినప్పుడు దాని పేరులోనే ఆయన్ను "రాగి పని జిప్సీ" అన్నారు. అదే తైకోన్ల ఇంటి రోసా తైకోన్ (1926–2017) వెండి పనిలో దేశం మెచ్చిన కళాకారిణి. ఆమె చెల్లెలు కతరీనా తైకోన్ (1932–1995) రచయిత్రి, రోమా హక్కుల కోసం పోరాడిన మనిషి. 2000 నుంచి స్వీడన్‌లో రోమానీ గుర్తింపు పొందిన మైనారిటీ భాష; బడి పుస్తకాలు కెల్దెరాష్, లోవారి, అర్లీ వంటి రకాల్లో వేరువేరుగా వస్తాయి. కాగులు చేసేవాడి పేరు పాఠ్యపుస్తకం అట్టమీద భాష పేరయిందన్నమాట. ఫ్రాన్సులో మాతేఓ మాక్సిమోఫ్ (1917–1999) కూడా రాగి పని చేస్తూనే రచయిత అయ్యాడు, బైబిల్ కొత్త నిబంధనను తన కల్డెరాష్ యాసలోకి తెచ్చాడు. మీ మూలంలో "కల్డెరాష్‌లో రాశాడు" అనే మాట వస్తే అందుకే తడబడక్కర్లేదు.

రుమేనియాలో మాత్రం మాట రెండు వైపులా కోస్తుంది. 1942లో నియంత అంతొనెస్కు ప్రభుత్వం సుమారు 25,000 మంది రోమా జనాన్ని, అప్పట్లో తన ఆక్రమణలో ఉన్న ట్రాన్స్‌నిస్ట్రియా ప్రాంతానికి తరిమింది. మొదట ఏరివేసింది ఊరూరా తిరిగేవాళ్ళనే, కల్డెరాష్ కుటుంబాలు వాళ్ళలో చాలా ఉన్నాయి. సుమారు 11,000 మంది తిరిగి రాలేదు. ఇవాళ అదే దేశంలో మడతల పావడాలు, పెద్ద టోపీలు, ఇంటినిండా రోమానీ మాట, సొంత పంచాయతీ అయిన "క్రిస్" ఉన్నవాళ్ళమని కల్డెరాష్ వాళ్ళు తలెత్తుకుని చెప్పుకుంటారు. 1992లో తనను రోమాల రాజుగా ప్రకటించుకున్న ఇయోన్ చ్యోబా ఈ గుంపు మనిషే. కానీ పట్నంలో స్థిరపడ్డ సంగీతకారుల కుటుంబం, అంటే లవుతారి వాళ్ళు, "కల్దరార్" అన్నప్పుడు అందులో "గుడారాల మోటుమనిషి" అనే చులకన వినబడొచ్చు. కల్డెరాష్ వాళ్ళూ ఊరుకోరు. రోమానీ మరిచిపోయినవాళ్ళను "కష్తాలే" అంటారు. "కష్త్", మన కాష్ఠం, అంటే కర్ర. కర్ర మనుషులని ఎద్దేవా. కాబట్టి ఒకే మాట పొగడ్తా, తిట్టా అన్నది అన్నవాడి గుంపునుబట్టి తేలుతుంది. మీ అనువాదంలో మాటను మార్చకుండా, అన్న తీరులో చూపించండి: "వాడా, వాడు కల్డెరాష్‌గాడు" అన్నదానికీ "మేం కల్డెరాష్ వాళ్ళం" అన్నదానికీ తెలుగులో తేడా దానంతటదే వస్తుంది.

పక్క పేర్లలో ఉచ్చులు రెండు చెబుతాను. చురారి అన్న పేరు చూడగానే హిందీ ఛురీ, మన చురిక గుర్తొచ్చి "కత్తులు నూరేవాళ్ళు" అని రాయాలనిపిస్తుంది. రోమానీలో కత్తి "ఛూరి" అన్నది నిజమే. కానీ ఎక్కువమంది పండితులు ఈ పేరును రుమేనియన్ "చూర్", అంటే జల్లెడ, నుంచే తీస్తారు. వీళ్ళు జల్లెళ్ళు కట్టేవాళ్ళు. రెండోది రుదారి. స్లావిక్ భాషల్లో "రుద" అంటే ముడి ఖనిజం. నదుల్లో బంగారం ఏరడం పోయాక వీళ్ళు చెక్క తొట్లు, గరిటెలు చేయడానికి మళ్ళారు. దాంతో రుమేనియన్‌లో కర్రకు ఉన్న "రుద" అన్న మాటతో పేరుకు కొత్త అర్థం చెప్పుకున్నారు. పని మారింది, పేరు మారలేదు, పేరుకు అర్థం మాత్రం కొత్త పనికి తగ్గట్టు సర్దుకుంది. వీళ్ళలో చాలామందికి రోమానీ రాదు, రుమేనియన్ మాట్లాడతారు. మేం రోమా కాదనేవాళ్ళూ ఉన్నారు. "రోమా తెగ" అని మీరు కలపకండి, మూలం ఏమంటే అదే ఉంచండి.

ఇప్పుడు మీ వాక్యాల దగ్గరికి. మాట వచ్చిన ప్రతిచోటా మూడు ప్రశ్నలు వేసుకోండి. సంఘటన ఏ కాలంలో, ఏ నేలమీద? మాట్లాడేది లోపలివాడా, బయటివాడా, ఇంకో రోమా గుంపు మనిషా? పక్కన సుత్తి, కొలిమి, బేరం ఉన్నాయా, లేక పెళ్ళి, పంచాయతీ, వంశం ఉన్నాయా? "మా తాత కల్డెరాష్, కారు మెకానిక్" అని ఉంటే పుట్టుక పేరు, మాట ఉంచండి. "గ్రామానికి ఒక కల్దరార్ వచ్చి హోటల్ కాగులు బాగుచేశాడు" అని 1840ల రుమేనియా గురించి ఉంటే "కాగులు చేసే రాగి పనివాడు". తేలకపోతే కల్డెరాష్ ఉంచి, వెనక అర వాక్యం కలపండి: "రాగి పని చేసిన వంశాల రోమా గుంపు". అడుగున నోట్లు పెట్టి పాఠకుణ్ణి ఆపకండి. ఇంటిపేర్లు వేరే సంగతి. కల్దరారు, ఉర్సారు, లవుతారు అన్నవి రుమేనియాలో మామూలు ఇంటిపేర్లు కూడా. వాటిని అనువదించడమంటే మన కంసాలి సుబ్బారావును "బంగారం పని సుబ్బారావు" అనడం లాంటిది.

"కంచరి" ఎందుకు వద్దంటే, పని దగ్గర పొంతన ఉన్నా సమాజంలో చోటు దగ్గర లేదు. మన కంచరులు విశ్వకర్మల్లో ఒకరు, ఊళ్ళో స్థిరంగా ఉన్నవాళ్ళు, యజ్ఞోపవీతం వేసుకునే సంప్రదాయం ఉన్నవాళ్ళు. బానిస చిట్టాలో పద్దుగా మొదలై, గుడారాల్లో దేశాలు దాటిన పేరును ఆ మాట మోయలేదు. పైగా పాఠకుడికి మన ఊరే కళ్ళముందు కనిపిస్తుంది, కార్పేతియన్ కొండలు కనిపించవు. పనిముట్ల పేర్లు, పని పేర్లు మన కంచరి వాళ్ళ నుంచి నిక్షేపంగా తీసుకోండి. మనిషి పేరు మాత్రం వద్దు. "లంబాడీలు" అని రాసేవాళ్ళకూ ఇదే జవాబు. రోమా వాళ్ళూ బంజారాలూ ఒకటేనని ఇంటర్నెట్‌లో చాలా కనిపిస్తుంది. లంబాడీ రాజస్థానీ వైపు భాష, రోమానీ అంతకన్నా చాలా ముందే వేరుపడి వెళ్ళిపోయింది. దూరపు చుట్టాలు, అంతే.

"జిప్సీ" మాట బయటివాడి సంభాషణలో ఉంటే ఉంచండి, అది వాడి నోటి మాట. 1971లో లండన్ దగ్గర జరిగిన మొదటి ప్రపంచ రోమానీ మహాసభ తమను "రోమ్" అని పిలవమంది. కథకుడి వాక్యాల్లో రోమా అనండి. ఎలాగూ మనవాళ్ళలో సగం మందికి జిప్సీ అంటే మారుతి వాళ్ళ జీపే గుర్తొస్తుంది.

రాతలో ఒకే రూపం పట్టుకోండి. రుమేనియా, ఫ్రాన్సు, అమెరికా సందర్భాలకు కల్డెరాష్ చాలు. స్వీడన్ వాళ్ళు కెల్దెరాష్ అని రాస్తారు, రష్యా సందర్భంలో కోత్ల్యారీ అని మూలంలో ఉంటే మొదటిసారి మాత్రం "కోత్ల్యారీ, అంటే రష్యాలోని కల్డెరాష్‌లు" అని కట్టేయండి. రోమానీలో బహువచనం కల్డెరాషా. మూలంలో ఆ రూపం ఉంటే దానికి మళ్ళీ "లు" తగిలించి కల్డెరాషాలు చేయకండి. అలాగే కెల్దెరారి ఒకడు, కెల్దెరారా పలువురు. లోవారి, చురారిలకూ అంతే: లోవారా, చురారా బహువచనాలు. "రోమ్" ఒకడు, "రోమా" పలువురు. "ఒక రోమా" అని తెలుగులో అలవాటైపోయింది, అది ఉన్నా ఫరవాలేదు. "రోమన్" అని మాత్రం పొరపాటున కూడా పడనివ్వకండి. ప్రూఫ్ చూసేవాళ్ళు "రోమానీ"ని "రొమేనియా"గా, "రుమేనియన్"ని "రోమన్"గా దిద్దేయడం కూడా మామూలే కాబట్టి, అచ్చుకు వెళ్ళేముందు ఈ నాలుగు మాటలనూ విడిగా వెతికి ఒక్కొక్కటీ చూసుకోండి.